ఒడ్డు మీది చూపు

పోయిన నెల గుడివాడలో కొత్తగా పెట్టిన కంటి ఆస్పత్రిలో ఒక అమ్మాయి నన్ను కూర్చోబెట్టి, నా రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయని చెప్పింది. ఇదే మాట ఇతరులకు చెప్పి నేను ఏళ్ల తరబడి జీతం తీసుకున్నాను కాబట్టి పెద్దగా ఆశ్చర్యపోలేదు. చెప్పే తీరు మాత్రం నాకంటే బాగుంది. నేను చెబితే సగం మంది ఏడ్చేవాళ్లు.

"రెండు రకాల లెన్సులున్నాయి అంకుల్. మామూలుది వేయించుకుంటే దూరం బాగా కనబడుతుంది, చదవడానికి జోడు కావాలి. మల్టీఫోకల్ అయితే దూరం, దగ్గర రెండూ కనబడతాయి. జోడు అక్కర్లేదు. ఎన్నేళ్లయినా చూపు అలాగే ఉంటుంది. ఇదిగో, రిజల్ట్స్ కూడా ఉన్నాయి."

ఒక జిరాక్సు కాగితం నా ముందుకు జరిపింది. జోడు పెట్టుకుని చూశాను. బందరులో నేను పనిచేసిన ఆస్పత్రి డాక్టరుగారు, ఆ లెన్సు పెట్టిన వాళ్లను ఐదేళ్లపాటు గమనించి రాసిన వ్యాసం అది. చివర కృతజ్ఞతల్లో చీమల బారులాంటి అక్షరాల్లో నా పేరుంది. లోపల పట్టికలో పదకొండో వరస నేను నింపింది. ఆ వరసలోని మనిషి ఇప్పుడు లేడు. ఆ వరసలో ఉండాల్సిన నిజం అప్పుడే లేదు.

"మీరేం చేస్తుంటారు అంకుల్? రాత్రిపూట పనేమైనా ఉందా?" అంది అమ్మాయి, ఫారం మీద పెన్ను పెట్టి.

ఆ ప్రశ్న ఒకప్పుడు నేను అడగాల్సింది.

ఆ పదకొండో వరస మనిషి పేరు ఇక్కడ రాయను. ఐదేళ్లపాటు ఆయన పేరు రాసినప్పుడల్లా దాని పక్కన ఒక అబద్ధం రాశాను. పేరు లేకుండా రాస్తేనైనా చేతికి నిజం వస్తుందేమో చూద్దాం. ఆస్పత్రిలో మేమంతా సరంగుగారు అనేవాళ్లం. సముద్రంలో చేపల బోటు నడిపే మనిషిని మా రేవులో సరంగు అంటారు. నన్ను ఆయన అద్దాల మాస్టారు అనేవాడు. బందరు కాలేజీలో బీయెస్సీ రెండో ప్రయత్నంలో పాసై, కళ్ల పరీక్ష నేర్చుకుని, ఖాళీ ఫ్రేములో అద్దాలు మార్చి మార్చి "ఇది బాగుందా, అది బాగుందా" అని అడగడమే నా ఉద్యోగం. మాస్టారు అనిపించుకునే పని ఏదీ అందులో లేదు. ఆయన అలా పిలిచాడు, నేను పలికాను.

మొదటిసారి వచ్చింది తొంభైల చివర్లో. చెప్పులు వీధి గుమ్మం దగ్గరే వదిలేసి, నున్నటి గచ్చు మీద కాళ్లు ఎడంగా పెట్టుకుని, గచ్చు ఊగుతుందేమో అన్నట్టు నడిచి వచ్చాడు. కంటిపాపలు రెండూ పాలు పోసినట్టున్నాయి. చేతిలో కాగితం పొట్లం. అందులో డాక్టరుగారి కోసం ఎండు రొయ్యలు. ఆ ఊళ్లో మాదే మొదటి ఏసీ గది. ఆ రోజు నుంచి ఐదు రోజులు మా పేషెంట్లందరికీ వైద్యంతోపాటు ఆ వాసన కూడా ఉచితంగా అందింది.

అక్షరాలు రానివాళ్ల కోసం మా దగ్గర ఒక చార్టు ఉండేది. దాని నిండా మూడు పళ్లు మిగిలిన దువ్వెన లాంటి గుర్తులు, పైన పెద్దవి, కింద చిన్నవి. పళ్లు ఏ వైపు తిరిగాయో చెప్పాలి. అందరూ కుడి, ఎడమ, పైకి, కిందికి అంటారు. ఈయన గడ్డం కొంచెం పైకెత్తి, గాలి వాసన చూసినట్టు ఒక్క క్షణం ఆగి, "దివి వేపండీ" అన్నాడు.

నేను పెన్ను ఆపాను.

"ఇదేమో పెడన వేపు. అది ఆకాశం. ఆ తర్వాతది నీళ్లు. కిందవి కనపడటం లేదండీ."

చార్టు తూర్పు గోడకి ఉంది. దాని ఎదురుగా కూర్చుంటే కుడిచేతి వైపు, దక్షిణాన దివిసీమ. ఎడమచేతి వైపు, ఉత్తరాన పెడన. తలుపులు వేసి, పరదాలు దించిన గదిలో, గోడ మీద గుర్తులు సగం కూడా కనబడని మనిషికి ఊళ్లు మాత్రం వాటి వాటి చోట్లలో ఉన్నాయి. నేను ఆ గదిలో అప్పటికి పదేళ్లుగా కూర్చుంటున్నాను. తూర్పు ఎటో ఆ రోజు తెలిసింది.

"ఆర్నెల్ల నుంచి ఒడ్డునే ఉన్నానండీ. నేను తిరిగొచ్చేదాకా అని ఓనరు వేరే ఆయన్ని పెట్టాడు. తొందరగా కళ్లిప్పిస్తే పోతాను" అన్నాడు.

తొందరేమిటని అడిగాను. అప్పుడు చెప్పాడు. రేవు మొగలో, అంటే ఏరు సముద్రంలో కలిసే చోట, ఇసక మేటలుంటాయి. మధ్యన సన్నటి దారి. వేటకి వెళ్లిన బోటు తెల్లారకముందే ఆ దారిన లోపలికి రావాలి. ఆలస్యమైతే చేపకి బేరం ఉండదు. ఒడ్డున వెదురు మీద ఒక దీపం, దాని వెనక దూరంగా ఐసు ఫ్యాక్టరీ మీద ఇంకో దీపం. రెండు వేళ్లు నిలబెట్టి ఒకదాని వెనక ఒకటి దాచి చూపించాడు.

"రెండు దీపాలూ ఒకటైపోవాలండీ. అయితే దారి. ఇంత పక్కకి జరిగితే మేట." వెనక వేలు గోరంత బయటికి జరిపాడు. "బోట్లో ఆరుగురుం ఉంటాం. ఆ రెండు దీపాలూ చూసేది ఒక్కణ్ణే."

కాబట్టి నాకు తెలియదని చెప్పడానికి వీల్లేదు.

ఆ వారంలోనే డాక్టరుగారి చేతికి కొత్త లెన్సులు వచ్చాయి. పన్నెండు మందికి పెట్టి, ఐదేళ్లు ఏటా పరీక్షించి, చూపు ఎలా నిలబడిందో రాయాలి. డాక్టరుగారు మంచి చెయ్యి ఉన్న మనిషి, మంచి మనిషి కూడా. నన్ను పిలిచి స్పష్టంగానే చెప్పారు. "రాత్రుళ్లు దీపాలు చూసి పనిచేసేవాళ్లకి ఇది వద్దు. దీపం చుట్టూ వలయాలు కనబడతాయి. అడిగి రాయి." ఫారంలో దానికోసం ఒక గడి కూడా ఉంది.

పదిమంది దొరికారు. ఇంకా ఇద్దరు కావాలి. ఐదేళ్లు తప్పకుండా వచ్చేవాడు, అడిగినదానికి మాటల్లో జవాబిచ్చేవాడు కావాలి. వ్యాసం చివర నా పేరు వేస్తామన్నారు. ఇవి కారణాలు. ఇంకో కారణం, ఆయన నాకు నచ్చాడు. ఏటా ఆయన వచ్చి "దివి వేపు" అంటే వినాలని ఉంది. గడిలో "రిటైరయ్యారు, రాత్రి పని లేదు" అని రాశాను. ఆర్నెల్లుగా ఒడ్డునే ఉన్న మనిషి కదా, ఆ రోజు వరకు చూస్తే అది అబద్ధమని నిరూపించడం కష్టం. నేను చదివిన బీయెస్సీ ఇలాంటి చోట్లే పనికొచ్చింది.

ఆయనకి సంతకం వచ్చు. ఫారం అడుగున పెట్టాడు. పైన ఏముందో నేను చదివి వినిపించలేదు, ఆయన అడగలేదు.

ఆపరేషన్లు రెండూ ఏ లోటూ లేకుండా జరిగాయి. కట్టు విప్పగానే ఆయన మొదట చూసింది నన్ను. "మాస్టారూ, మీ చొక్కా మూడో గుండీ ఊడేట్టుంది" అన్నాడు. నిజమే, దారంపోగు మీద వేలాడుతోంది. ఆ తర్వాత ఆయన వీధిలో సూదిలో దారం ఎక్కించే పని మొత్తం ఆయనదే అయిందని చెప్పుకునేవాడు. వేలిలో దిగిన గేలం ముల్లు, కంట్లో పడ్డ నలుసు, బియ్యంలో రాయి, అన్నీ ఆయన దగ్గరికే వచ్చేవట. "ఆడోళ్లు నాకు మర్యాద ఇస్తన్నారండీ, మా ఇంట్లో ఆవిడతో సహా."

నెల తర్వాత మొదటి పరీక్షకి వచ్చాడు. చార్టు చివరి వరస దాకా దివి, పెడన, ఆకాశం, నీళ్లు తప్పులేకుండా చదివాడు. లేవబోతూ ఆగాడు.

"ఒక్క మాట మాస్టారూ. చీకటి పడ్డాక దీపం చూస్తే చుట్టూ చక్రాలు కనపడతన్నాయండీ. గుళ్లో దేవుడి తల వెనకాల ఉంటాయే, అట్లా. ఒకటి కాదు, దాని చుట్టూ ఇంకోటి, దాని చుట్టూ ఇంకోటి."

గదిలో నర్సమ్మ ఉంది, డాక్టరుగారున్నారు, ఇంకో ఇద్దరు పేషెంట్లున్నారు. ఇంతమంది వింటుంటే నేను ఊరుకోవడం ఎప్పుడూ జరగలేదు.

"మంచిదేగా సరంగుగారూ" అన్నాను. "ఇన్నాళ్లూ దేవుళ్లకే ఉండేవి, ఇప్పుడు మీ వీధి దీపానికి కూడా వచ్చాయి. రోజూ తిరనాళ్లే."

అందరూ నవ్వారు. ఆయన అందరికంటే ఎక్కువ నవ్వాడు. డాక్టరుగారు నవ్వుతూనే "ఆర్నెల్లలో అలవాటవుతుంది" అన్నారు. చాలామందికి అవుతుంది కూడా. ఆ పన్నెండు మందిలో ఒక హెడ్మాస్టరు, ఒక కుట్టుపని ఆవిడ, తక్కినవాళ్లూ హాయిగానే ఉన్నారు. లెన్సు చెడ్డది కాదు. అది పెట్టాల్సిన కళ్లు వేరు. సరంగుగారి రాత్రి పని సంగతి డాక్టరుగారికి తెలియదు. ఫారంలో లేదు కాబట్టి.

"అలవాటవుద్దంటండీ" అని ఆయన తనకు తనే చెప్పుకుంటూ వెళ్లిపోయాడు. వెళ్లి, ఆ వారమే బోటెక్కాడు.

ఆయనకి ఒక పట్టింపు ఉండేది. బోటు మీద ఉండగా బోటుని తిట్టకూడదు. ఇంజను ఆగిపోతే "చెడింది" అన్న కళాసీ చేత నోరు కడిగించాడని చెప్పాడొకసారి. "అలిసింది అనాలండీ. మనల్ని మోస్తన్న దాన్ని మన నోటితో చెడిందంటే అది వింటది." నేను దీన్ని ఊరంతా చెప్పి నవ్వించాను. మా ఆస్పత్రి జీపు మొరాయించినప్పుడల్లా అలిసింది అనేవాణ్ణి.

రెండో ఏడు, వర్షాలు వెనకబట్టాక, మా అటెండరు ఒక ఉదయం మొగలో బోటొకటి మేటెక్కిందని చెప్పాడు. అల దాన్ని అడ్డం తిప్పేసిందట. మనుషులంతా బయటపడ్డారట. "సరంగు మన పేషెంటేనండీ. ఆయన అల్లుడికి చెయ్యి విరిగిందంట." నేను "అయ్యో" అన్నాను. తర్వాత పేషెంటు పేరు పిలిచాను. అటెండరు చెప్పిన మాటకీ నేను నింపిన గడికీ మధ్య ఎంత దూరముందో కొలవడం నాకు చేతనవును. కొలతలే నా వృత్తి.

ఆ తర్వాత రెండు నెలలకి ఆయన ఏటి పరీక్షకి వచ్చాడు. పొట్లం తెచ్చాడు. నేను మేట సంగతి ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

"కళ్లెలా ఉన్నాయి సరంగుగారూ?"

ఆయన గడ్డం పైకెత్తి కొంచెంసేపు ఆగాడు. "అలిశాయండీ" అన్నాడు.

ఇంజను కథ విని ఊరంతా చెప్పుకుని నవ్విన వాణ్ణి. ఆ మాటకి అర్థం తెలియని వాళ్లు బందరులో ఎవరైనా ఉంటే ఉండొచ్చు, నేను కాదు. ఫిర్యాదుల గడిలో "ఏమీ లేవు" అని రాశాను. మొదటి రెండేళ్లలో ఎప్పుడు చెప్పినా డాక్టరుగారు ఆ లెన్సులు తీసి మామూలువి పెట్టగలిగేవారు. ఆ సంగతి సరంగుగారికి తెలియదు. నాకు తెలుసు. లెన్సు తీస్తే పట్టికలో పదకొండో వరస పోతుందని, ఎందుకు తీయాల్సి వచ్చిందని అడిగితే మొదటి గడి బయటికొస్తుందని కూడా తెలుసు.

మూడో ఏటికి ఆస్పత్రికి రంగులు వేశారు. చార్టు పడమటి గోడకి మారింది. కొత్తగా చేరిన అమ్మాయి ఆయన్ని పరీక్షించి, కంగారుగా నా దగ్గరికొచ్చింది.

"సార్, ఆ తాతగారికి కుడి, ఎడమ తారుమారైపోయాయి. కుడి వైపున్నవన్నీ పెడన అంటున్నారు. మీరు పెడనంటే ఎడమ అని చెప్పారుగా. ఒక్కటీ కరెక్టు కాదు."

నేను వెళ్లి చూశాను. ఆయన పడమటి ముఖంగా కూర్చుని ఉన్నాడు. కుడిచేతి వైపు ఉత్తరం. పెడన అక్కడే ఉంది, ఎక్కడికీ పోలేదు. మారింది మా గోడ. అందరం నవ్వుకున్నాం. ఆయనొక్కడే నవ్వలేదు. ఇందులో నవ్వేదేముందో తెలియనట్టు చూశాడు.

ఆ రోజే అన్నాడు, "బోటు దిగేశానండీ. కుర్రాళ్లున్నారుగా."

"హాయి కదా. ఇంత మంచి చూపు పెట్టుకుని ఇంటిపట్టున ఉండొచ్చు" అన్నాను.

"ఒడ్డు మీద అందరి కళ్లూ బాగానే ఉంటాయండీ" అన్నాడు.

నేను మాట మార్చడానికి, అప్పుడే అచ్చయి వచ్చిన మూడేళ్ల ఫలితాల వ్యాసం చూపించాను. చివర నా పేరు మీద వేలు పెట్టాను. ఆయన కాగితం కంటికి మూరెడు దూరంలో పట్టుకుని చాలాసేపు చూశాడు. చదవడం రాదు, అయినా చూశాడు.

"ఇదేనా మీ పేరు? చిన్నదిగా ఉందండీ. అయినా బాగా కనపడతంది."

ఐదో ఏడు ఆయన రాలేదు. నేను రాసిన కార్డుకి జవాబు లేదు. ఆఖరి ఫలితాలు పంపాల్సిన గడువు దగ్గరపడింది. ఆయన అల్లుడి దగ్గరికి, దివిసీమలో పాలకాయతిప్పకి మారాడని అటెండరు కనుక్కున్నాడు. చార్టు చుట్టచుట్టి సంకలో పెట్టుకుని, అవనిగడ్డ మీదుగా కోడూరు దాకా బస్సులో, అక్కణ్ణుంచి ఆటోలో వెళ్లాను.

తాటాకు పందిరి కింద కూర్చుని వల కడుతున్నాడు. జోడు లేకుండా, గోరు పట్టనంత సన్న కన్నుల వల. నన్ను చూసి లేచి, పైగుడ్డతో అరుగు తుడిచాడు.

"అద్దాల మాస్టారే వచ్చారు. అబ్బాయ్, టీ పట్రా."

అల్లుడు టీ తెచ్చాడు. ముప్పై ఏళ్ల మనిషి. కుడి మోచెయ్యి వంగిన చోటే ఆగిపోయింది. గ్లాసు నాకందించడానికి చెయ్యి చాపలేక మనిషంతా ముందుకి వంగాడు. నేను అందుకున్నాను. వేడిగా ఉందని చెప్పి కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

వలలు ఆరేసే గుంజకి చార్టు కట్టాను. ఇరవై అడుగులు కొలిచి ఆయన్ని కూర్చోబెట్టాను. ఈసారి దివి వేపు అనలేదు. దివిలోనే ఉన్నాం కదా. "బందరు వేపు. సముద్రం వేపు. ఆకాశం. నీళ్లు." చివరి వరస దాకా చదివాడు. ఒక్క తప్పు లేదు. ఐదేళ్ల తర్వాత అంత చూపు నిలవడం చూసి ఏ డాక్టరైనా మురిసిపోతాడు.

"అయిందా మాస్టారూ? అయితే దీపం పెట్టేదాకా ఉండండి. ఇన్నాళ్లూ మీరు నాకు చూపించారు, ఒక్కసారి నేను మీకు చూపిస్తా."

పొద్దు వాలింది. ఎదురింటి చూరుకి బల్బు వెలిగింది. నాకది బల్బులాగే ఉంది. ఆయన దాన్ని చూస్తూ, చూపు తిప్పకుండానే, పుల్ల ఒకటి ఇసకలో గుచ్చి దాని చుట్టూ వేలితో గుండ్రంగా గీశాడు. దాని చుట్టూ ఇంకోటి. తర్వాత ఇంకోటి. అరిచేతి వెడల్పయ్యేదాకా గీశాడు. ఆ పక్కనే ఇంకో పుల్ల గుచ్చి, దాని చుట్టూ అలాగే. రెండు పుల్లల చక్రాలూ ఒకదాంట్లోకి ఒకటి వెళ్లి, ఏది ఏ పుల్లదో తెలియకుండా పోయాయి.

"ఇది వెదురు దీపం. ఇది ఐసు ఫ్యాక్టరీది. ఇందులో దారెక్కడుందో చెప్పండి."

నేను వంగి ఆ గీతల్లో వెతికాను.

"నాకూ తెలీలేదండీ ఆ పొద్దు. అలవాటవుద్దన్నారుగా, అయిందేమో అనుకుని తిప్పా." వేలు ఇసక మీదే ఉంది. "మనిషి పోలేదు. అది చాలు."

"నాకెందుకు చెప్పలేదు సరంగుగారూ?"

"మొదటి నెల్లోనే చెప్పా గదండీ. మీరు తిరనాళ్లన్నారు."

"తర్వాతైనా గట్టిగా చెప్పాల్సింది."

"చెబుదామనే వచ్చేవాణ్ణి ఏటా. మీరు రాసుకునేటప్పుడు మీ మొహం చూసేవాణ్ణి. మూరెడు దూరంలోనేగా కూర్చునేది. దగ్గరది బాగా కనపడుద్ది మాస్టారూ, మీరు పెట్టించిన కళ్లకి."

ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. ఫలితం చెబుతున్నట్టు చెప్పాడు. తర్వాత ఇసకని అరిచేత్తో చదును చేస్తూ అడిగాడు.

"అప్పట్లో చెప్పుంటే ఇవి తీసి మామూలువి పెట్టేవారా అండీ?"

అల్లుడు పందిరి గుంజకి ఆనుకుని వింటున్నాడు.

"లేదండీ" అన్నాను. "ఒకసారి పెడితే అంతే."

ఆయన మొహం తేలికపడింది. అల్లుడి వైపు తిరిగి, "విన్నావా, ఏం చేసినా ఇంతే అయ్యేదంట" అన్నాడు. ఆ అబద్ధం ఆయన కోసం ఆడానో నా కోసం ఆడానో ఇప్పటికీ తేల్చుకోలేదు. తేల్చుకోకపోవడం నాకు సౌకర్యంగా ఉంది.

"మీకేం కావాలో అది రాసుకోండి మాస్టారూ. లేటయితే కోడూరులో బస్సు దొరకదు" అని, ఎండు రొయ్యల పొట్లం నా చేతిలో పెట్టాడు.

బస్సులోనే రాశాను. దూరపు చూపు, పూర్తిగా. దగ్గర చూపు, పూర్తిగా. ఫిర్యాదులు, ఏమీ లేవు. కుదుపులకి అక్షరాలు వంకరపోయాయి. ఆ రాతలో నిజాయితీగా ఉన్నది ఆ వంకరే.

మరుసటి ఏడు అలవాటు కొద్దీ కార్డు రాశాను. ఆయన చనిపోయారని పోస్ట్‌మ్యాన్ ఎర్ర సిరాతో రాసి, తిప్పి పంపాడు. కార్డు మీద ఆయన పేరు నా చేతిరాతలోనే ఉంది. దాని పక్కన మొదటిసారి నిజం ఉంది, అది వేరేవాళ్లు రాసింది.

"అంకుల్" అంది గుడివాడ ఆస్పత్రి అమ్మాయి. "మీ పని అడిగాను. రాత్రిపూట ఏమైనా—"

"సరంగునమ్మా" అన్నాను.

"అంటే?"

"చేపల బోటు నడపడం. తెల్లారకముందే రెండు దీపాలు చూసుకుని రేవులోకి రావాలి."

ఆ అమ్మాయి నా ఇస్త్రీ చొక్కా వైపు ఒకసారి చూసింది. అనుమానం వచ్చే ఉంటుంది, అయినా నేను చెప్పింది చెప్పినట్టు గడిలో రాసింది. జిరాక్సు కాగితం వెనక్కి తీసుకుని సొరుగులో పెట్టింది.

"అయితే మీకు మల్టీఫోకల్ వద్దు అంకుల్. దీపాల చుట్టూ రింగులు కనబడతాయి, మీ పనికి ప్రమాదం. మామూలుదే వేయించుకోండి."

గోడ గడియారం చూశాను. అడగడానికి, వినడానికి, రాయడానికి, వద్దని చెప్పడానికి కలిపి, ఆ అమ్మాయికి నిమిషం కూడా పట్టలేదు.